గోడ అవతలి పాట

హౌరా పక్కన లిలువా రైల్వే క్వార్టర్లో గురువులు మంచం వంటింటి గోడకు ఆనుకుని ఉండేది. వర్క్‌షాపు సైరను మోగాక ఇంటికి వచ్చి, కాళ్ళు కడుక్కుని, టీ తాగి, ఆ మంచం మీద గోడవైపు తిరిగి కళ్ళు మూసుకునేవాడు. నిద్రపోయేవాడు కాదు. నిద్రపోతున్నాడని ఇల్లు నమ్మేలా ఊపిరి తీసుకునేవాడు, అంతే. అవతల అతని భార్య సువర్ణ వంట మొదలుపెట్టేది. పొగ ముందుగదిలోకి రాకుండా తలుపు దగ్గరికి లాగేది. తలుపు పడ్డ కాసేపటికి పాట లేచేది.

అది సినిమా పాట కాదు, దేవుడి పాట కాదు. పలాస అవతల సువర్ణ పుట్టిన ఊళ్ళో ఆడవాళ్ళు పొయ్యి ముందు కూర్చుని అప్పటికప్పుడు అల్లుకునే పాట. మొగుడి మొహాన అనలేనిదీ, అత్త ముందు నోరు విప్పలేనిదీ పొయ్యికి చెప్పుకోవడం ఆ ఇళ్ళ ఆనవాయితీ. పొయ్యి ఎదురు చెప్పదు. విన్నదాన్ని కాల్చేసి ఊరుకుంటుంది.

*కిటికీ రెక్కకి కీళ్ళవాతం ఓలమ్మ*
*తియ్యబోతే మూలుగుతాది*
*దానికైతే నూని రాసేవోడున్నాడు*
*నాకేటి రాస్తాడు ఓలమ్మ*

మర్నాడు సాయంత్రం గురువులు వర్క్‌షాపు నుంచి చిన్న సీసాలో నూనె తెచ్చేవాడు. అతని పనే అది. రైలుపెట్టెల తలుపులు, కిటికీ రెక్కలు బాగుచేసే వడ్రంగి. వంటింటి కిటికీ మడతబందుల్లో రెండు చుక్కలు వేసి, రెక్కను అటూ ఇటూ ఊపి చూసి, ఏమీ ఎరగనట్టు వచ్చి కూర్చునేవాడు.

"కిటికీ బాగుచేసినావేటి బావా?" అనేది సువర్ణ. అతను ఆమెకు మేనత్త కొడుకు.

"ఊరికినే. సేతులు కాలీగా ఉండి."

 ఆ రాత్రి అతని కంచంలో కూర ఒక గరిటె ఎక్కువ పడేది.

వాళ్ళ కాపురం అలా జరిగిపోయింది. కత్తిపీట మొద్దుబారిందని ఆమె పొయ్యికి చెప్పేది, అతను దాన్ని సానపట్టి పెట్టేవాడు. పుట్టింటి నుంచి కబురు లేదని పాట చివర గొంతు సన్నగిల్లేది, అతను రైల్వే పాసు రాయించుకుని వచ్చి "ఈసారి మీ అమ్మోల్ని సూసొద్దామా" అనేవాడు, ఆ ఆలోచన తనకే తట్టినట్టు. కూతురు మనోజ్ఞకు గౌను పొట్టిదైందని, పక్కింటివాళ్ళ పంపు నీళ్ళు మన గుమ్మంలోకి వస్తున్నాయని, తన తల్లి పోయిన నెలలో ఏడవడానికి కూడా చోటు లేదని, అన్నీ ఆ గోడ దాటి వచ్చాయి. ఆ చివరిదానికి మాత్రం అతను ఏమీ బాగుచేయలేకపోయాడు. సాయంత్రాలు మనోజ్ఞను తీసుకుని బయట తిరిగేవాడు, ఇల్లు ఆమెకు ఖాళీగా వదిలి.

గోడ గొప్పదేమీ కాదు. ఒక ఇటుక మందం. రైల్వేవాళ్ళు కొన్నేళ్ళకొకసారి వచ్చి పసుపురంగు సున్నం వేసి పోయేవాళ్ళు. అనుమతి లేకుండా అందులో మేకు కొట్టే హక్కు గురువులుకు లేదు. ఆ గోడ తనది కాదనే అతను ఎప్పుడూ అనుకున్నాడు.

వర్క్‌షాపులో రేకుల మీద పడే సుత్తి దెబ్బలు మనిషి చెవిని ఒక్కసారిగా తీసుకుపోవు. గోదారి ఒడ్డును కోసినట్టు కొంచెం కొంచెంగా తీసుకుపోతాయి. ఉద్యోగం చివరి ఏళ్ళలో గురువులుకు పాట పలచబడటం మొదలైంది. మొదట మాటల చివర్లు పోయాయి. తర్వాత మాటలే పోయి రాగం మిగిలింది. అతను మంచాన్ని ఇంకా గోడకు జరిపాడు. తలగడ తీసేసి చెవి గోడకు ఆన్చి పడుకున్నాడు. చల్లటి సున్నం చెంపకు అంటుకునేది. కత్తిపీట సంగతి విన్నాననుకుని ఒకసారి సానపట్టబోతే అది మెరుస్తూ ఉంది. ఆమె పాడింది కుళాయి గురించి.

చెవుల సంగతి అతను ఎవరికీ చెప్పలేదు. గోడ మందమైందని తనకు తానే చెప్పుకున్నాడు. ఏళ్ళ తరబడి వేసిన సున్నం పొరలు కదా.

ఉద్యోగం అయిపోయింది. క్వార్టరు ఖాళీ చేయాలి. ఊరికి వెళ్ళిపోవడం గురించి ఇద్దరూ మాట్లాడుకోలేదు. మాట్లాడుకునేంత ఊరు వాళ్ళకు మిగల్లేదు. సంత్రాగాఛిలో, చలికాలం పిట్టలు వచ్చి వాలే పెద్ద చెరువుకు కొంచెం దూరంలో, కొత్తగా లేచిన మేడలో ఒక ఫ్లాటు కొన్నారు. మనోజ్ఞ అప్పటికి కలకత్తా న్యూటౌన్‌లో ఉద్యోగం చేస్తూ అక్కడే అద్దెకుంటోంది. ఆదివారాలు వచ్చేది. ఫోనులో ఇళ్ళ వీడియోలు చూపించేది. తెల్లటి నేల, తెల్లటి గోడ, కప్పులో దాక్కున్న దీపాలు. ఆ ఇళ్ళలో ఎక్కడా మనుషులుండేవాళ్ళు కాదు, ఒక గాజుకూజాలో ఒక ఆకు ఉండేది.

"నాన్నా, ఇప్పుడెవరూ కిచెన్‌కి గోడ పెట్టుకోట్లేదు. మన ఫ్లాట్‌లో ఆ గోడ కొట్టించేస్తే హాలూ కిచెనూ ఒకటే అయిపోతాయి. ఓపెన్‌గా. అమ్మ లోపల ఒక్కర్తీ మగ్గక్కర్లేదు, మనతోనే ఉంటుంది."

తండ్రి వాదిస్తాడని సిద్ధపడి వచ్చింది ఆ అమ్మాయి. గురువులు వెంటనే ఒప్పుకున్నాడు. ఆ వేగానికి మనోజ్ఞే కాస్త తడబడి, ఫోను కింద పెట్టి అతని మొహం చూసింది.

అతను ఆ గోడ లేని చోట పాటను ఊహించుకుంటున్నాడు. చెంపకు సున్నం అంటకుండా, ప్రతి మాటా చివరిదాకా.

"నువ్వేటంతావు?" అని సువర్ణను అడిగాడు.

"నీ ఇల్లు. నీ ఇష్టం బావా," అంది ఆమె.

క్వార్టరులో అయితే ఆ సాయంత్రమే ఆమె మనసులో మాట గోడ దాటి వచ్చేది. కానీ అవి సామాను కట్టే రోజులు. గిన్నెలు పెట్టెల్లోకి వెళ్ళిపోయాయి. పొయ్యి వెలగలేదు. వెనక వరస క్వార్టరు నుంచి, సువర్ణ పిన్నీ అని పిలిచే ముసలమ్మ రెండు పూటలా అన్నం పంపేది. పొయ్యి లేక పాట లేదు, పాట లేక అభ్యంతరం లేదు. ఏమీ వినపడలేదు గనక ఆమెకు ఇష్టమేననుకున్నాడు గురువులు. తర్వాత అతను ఎక్కువగా తలుచుకున్నది ఈ ఒక్క సంగతే. ఆ వారం ఎవరైనా ఒక్కపూట పొయ్యి వెలిగించి ఉంటే.

నిమాయ్ అనే తాపీమేస్త్రీ వచ్చి గోడ కొట్టాడు. కొత్త గోడ, ఇంకా పచ్చిగానే ఉంది, బిస్కెట్టులా విరిగింది. దుమ్ము దిగాక హాల్లోని వెలుగు వంటింట్లోకి నడిచి వెళ్ళింది. గురువులు అక్కడ నిలబడి ఒకసారి దగ్గాడు, శబ్దం ఎంత దూరం పోతుందో చూడటానికి.

పాలు పొంగించిన రోజు అందరూ మెచ్చుకున్నారు. కింది అంతస్తు బెంగాలీ ఆవిడ గుమ్మంలో నిలబడి "కీ షుందొర్, బౌది, ఏకేబారే హోటల్" అని, ఎంత అందం వదినా, అచ్చం హోటలేనని మురిసి, చేతులు కలిపింది. వర్క్‌షాపు పాత నేస్తాలు చెప్పులు ఎక్కడ విప్పాలో తెలియక, విప్పిన చెప్పుల్ని చేత్తో పట్టుకుని కాసేపు తిరిగారు. ముసలమ్మ మాత్రం వంటింటి కోసం ఇల్లంతా వెతికింది.

"వంటిల్లేదమ్మా?"

"నువ్వు నిలబడ్డదే పిన్నీ," అంది సువర్ణ.

"ఇదా. మరి తలుపేదీ? ఎవలో ఎత్తుకుపోనారనుకున్నాను." నవ్వించి, తనూ నవ్వి, ఆ తర్వాత సువర్ణ మొహం చూసి ముసలమ్మ ఆమె భుజం నిమిరింది.

మొదటి సాయంత్రం గురువులు సోఫాలో కూర్చున్నాడు, వంటగట్టుకు ఎదురుగా. సువర్ణ వీపు కనిపిస్తోంది. ఉల్లిపాయ తరుగుతోంది. కత్తిపీట మీద కాదు, నిలబడి, చాకుతో, పలక మీద. కొత్త వంటింట్లో కింద కూర్చోవడానికి చోటుండదు, కూర్చుంటే సోఫాలోంచి బీరువాకి కాళ్ళు మొలిచినట్టు కనిపిస్తుందని మనోజ్ఞ నవ్వింది. కత్తిపీట బాల్కనీలో పాత గోనెసంచి కింద పడుంది. పొయ్యి మీద చిమ్నీ హోరుమంటోంది. గురువులు ఎదురుచూశాడు. సువర్ణ ఒకసారి వెనక్కి తిరిగింది. అతని కళ్ళు తెరిచి ఉన్నాయి, తన వైపే ఉన్నాయి. ఆమె కొంగు సర్దుకుని మళ్ళీ అటు తిరిగింది.

పాట రాలేదు.

అలసటనుకున్నాడు. కొత్తచోటనుకున్నాడు. చిమ్నీ హోరనుకుని ఒకరోజు దాన్ని ఆపేశాడు. పోపు ఘాటు ఇల్లంతా కమ్మి ఇద్దరూ కళ్ళనీళ్ళు పెట్టుకుని దగ్గారు. చివరికి పాత ఉపాయం గుర్తొచ్చి సోఫాలో పడుకుని కళ్ళు మూసుకుని, నిద్రలా ఊపిరి తీసుకున్నాడు. అది ఇంకా నష్టమైంది. అతను పడుకున్నాడని చూసి సువర్ణ గిన్నెల చప్పుడు కూడా తగ్గించేసింది. గరిటెను గిన్నె అంచుకు తగలనిచ్చేది కాదు. తన నిద్ర కోసం ఆమె మౌనంగా ఉండటం మూసిన కళ్ళ వెనక నుంచి విన్నాడతను.

అడిగితే అన్నీ బాగున్నాయనేది. నేల బాగుందా అంటే బాగుంది. పొద్దున్నా సాయంత్రం మోకాళ్ళ మీద కూర్చుని గుడ్డతో తుడుస్తూ ఉండేది. తెల్లనేల మీద వెంట్రుక పడ్డా కనపడేది. మెతుకు పడితే కనపడక కాలికి అంటుకునేది. ఇక్కడి నీళ్ళలో ఇనుము. తెల్లటి సింకులో తుప్పురంగు మరక రోజూ పుట్టేది, ఆమె రోజూ చెరిపేది. పిడుల్లేని బీరువాలు నొక్కితే తెరుచుకుంటాయి. ఒళ్ళు తగిలినా తెరుచుకుంటాయి. ఆమె వంగి లేస్తుంటే వెనకాలే ఒక తలుపు తెరుచుకునేది, ఎవరో పిలిచినట్టు. స్నానాలగది తలుపు మసకగాజు. దీపం వేస్తే లోపలి మనిషి నీడ హాల్లోకి పడుతుంది. ఆమె చీకట్లో స్నానం చేయడం మొదలుపెట్టింది. గురువులు అది కరెంటు పొదుపు అనుకున్నాడు.

ఎండుచేపల సంగతి వేరే. మొదటి వారంలో ఒకసారి ఎండునెత్తళ్ళు వేయించింది. వాసన సోఫాలో, తెరల్లో, కప్పులో దాక్కున్న దీపాల గూళ్ళలో దూరి రోజుల తరబడి పోలేదు. మనోజ్ఞ ముక్కు మూసుకుని అన్ని కిటికీలూ జరిపింది. ఆ గాజు కిటికీలు ఎంత జరిపినా సగమే తెరుచుకుంటాయి, రెండో సగం మీదికి మొదటి సగం వచ్చి నిలబడుతుంది. ఆ తర్వాత ఇంట్లో ఎండుచేపలు లేవు. అతనికి ప్రాణమైన కూర. "మానీసినావేం" అని అతను అడగలేదు. తెస్తే వండేదేమో, తేవాలో వద్దో చెప్పే గోడ లేదు.

ఆ వర్షాకాలం నుంచి సువర్ణ వారానికొకసారి లిలువా వెళ్ళడం మొదలుపెట్టింది.

"ముసలమ్మ పిన్నికి కళ్ళు ఆనట్లేదు. కోడలు డూటీకెల్లిపోతాది. కూర వండిపెట్టీసి వొచ్చెత్తాను."

పొద్దున వంట ముగించి వెళ్ళేది, సాయంత్రం బండికి వచ్చేది. వచ్చినప్పుడు ఆమె మొహం స్నానం చేసినట్టు ఉండేది. చీరకు పొగ వాసన, ఎండుచేపల వాసన. గురువులుకు ముసలమ్మ మీద చిన్న అసూయ కలిగింది. అది అసూయ అని అతనికి తెలియదు. ఎండుచేపల మీద ఆకలి అనుకున్నాడు.

ఒకరోజు మధ్యాహ్నం ఆకాశం వంటింటి మసిగుడ్డలా అయింది. గొడుగు ఇంట్లోనే మరిచిపోయి వెళ్ళింది సువర్ణ. గురువులు ఆ గొడుగు తీసుకుని బయల్దేరాడు. హౌరాలో బండి మారి లిలువాలో దిగేసరికి వాన మొదలైంది. క్వార్టర్ల మధ్య సందు అతని కాళ్ళకు తెలిసిన సందు. ఎక్కడ నీళ్ళు నిలుస్తాయో చూడకుండానే దాటాడు. తాము ఉన్న క్వార్టరులో ఇప్పుడు ఎవరో బిహారీ కుటుంబం, గుమ్మానికి కొత్త తెర. చూసీ చూడనట్టు వెనక వరసకు నడిచాడు.

ముసలమ్మ వంటింటి తలుపు దగ్గరికి వేసి ఉంది. ఆ తలుపు అంచులు మసిబారి ఉన్నాయి. లోపల నుంచి ఎండుచేపలు వేగే వాసన, దాని వెనకే గొంతు. ముసలమ్మకు చెవుడు గనక సువర్ణ పొలంలో పాడినట్టు గొంతెత్తి పాడుతోంది.

*తెల్లనేల మీద తెల్లమెతుకు ఓలమ్మ*
*ఎతకలేక కళ్ళు పోనాయి*
*పిడి లేని బీరువా, గడప లేని గుమ్మం*
*ఎక్కడ ఆగాలో కాలికి తెలీదు*
*గాజుతలుపు ఎనక నీళ్ళోసుకుంతే*
*నా నీడకే సిగ్గేస్తాది ఓలమ్మ*
*గోడ లేని వంటిల్లు ఏటిలాగున్నాది*
*కొంగు లేని కోకలాగున్నాది*

గురువులు చేతిలో గొడుగు తెరవలేదు. చూరు నుంచి నీళ్ళు భుజం మీద పడుతున్నాయి. ప్రతి మాటా చివరిదాకా వినపడుతోంది. ఎన్నాళ్ళకు.

లోపల ముసలమ్మ నవ్వు. "మీ ఇంట్లో పాడుకోవేటి ఇది? పొయ్యి లేదా నీకు?"

"పొయ్యుంది పిన్నీ. గోడ లేదు."

"అయితే?"

"ఎదురుగా కూకుంటాడు నా మొకం సూసుకుంటా. ఎలా పాడమంతావు?" గరిటె గిన్నెకు గట్టిగా తగిలింది. "గోడుంతే పాట. గోడ లేకపోతే అది తగువైపోద్ది. తగువాడ్డం నాను ఏనాడూ ఎరగను. ఇప్పుడు నేర్సుకోమంతావా?"

"అంత ఇష్టం లేకపోతే కొట్టినప్పుడే సెప్పలేకపోనావా?"



"సెప్పడం నాకెప్పుడొచ్చింది పిన్నీ?"

గురువులు మెల్లగా వెనక్కి నడిచాడు. సందు మొదట్లో నిలబడి గొడుగు తెరిచాడు. తర్వాత చెప్పులు టపటపలాడించుకుంటూ, దూరం నుంచే దగ్గుతూ మళ్ళీ వచ్చాడు. "అత్తా, ఉన్నారేటి ఇంట్లో?"

తలుపు తెరుచుకుంది. సువర్ణ అతన్ని చూసింది. గొడుగు కింద ఉన్న మనిషి భుజాలు తడిసి నీళ్ళు కారుతున్నాయి.

"ఎప్పుడొచ్చినావు బావా?"

"ఇప్పుడే. బండి దిగీసి."

ఆమె ఆ తడిని ఇంకొంచెం సేపు చూసి, తువ్వాలు అందించింది. ముసలమ్మ ఎండుచేపల కూర పెట్టింది. అతను తలెత్తకుండా తిన్నాడు. తిరిగివచ్చేటప్పుడు బండిలో ఇద్దరూ కిటికీ పక్కన ఎదురెదురుగా కూర్చున్నారు. వాన జల్లు లోపలికి కొడుతుంటే గురువులు రెక్క దించాడు. అది చప్పుడు లేకుండా దిగింది. "బాగా దిగినాది," అన్నాడు. "ఊ," అంది ఆమె.

మర్నాడే నిమాయ్‌ని పిలిపించాడు.

నిమాయ్ హాల్లో నిలబడి గడ్డం గోక్కున్నాడు. "కాకూ, లోకమంతా డబ్బిచ్చి గోడలు కొట్టించుకుంటోంది. నేను కొట్టిన గోడ నాతోనే కట్టించేవాడు మీరొక్కరే," అని బెంగాలీలో అన్నాడు. "కారణమేం చెప్పమంటారు ఎవరైనా అడిగితే?"

"పొగని చెప్పు."

"చిమ్నీ ఉందిగా."

"అయితే వాసనని చెప్పు."

మనోజ్ఞ ఫోనులో గొడవపడింది. "అంత ఖర్చుపెట్టి చేయించాం కదా నాన్నా. నా ఫ్రెండ్సందరికీ ఆ కిచెనే నచ్చింది. అమ్మేమైనా అందా?"

"అమ్మ ఏటీ అన్లేదు."

"మరి?"

 ఏమీ అనలేదు గనకే అని చెప్తే ఆ పిల్లకు అర్థమయ్యే మాట కాదు.

గోడ లేచింది. తలుపు గురువులే చేశాడు, చాలా నెలల తర్వాత ఉలి పట్టుకుని. కింద ఒక గడప కూడా పెట్టాడు. బీరువాలకు పిడులు బిగించాడు, రైలుపెట్టెల్లో ఉండే లాంటివి, చేతినిండా పట్టుకునేవి. స్నానాలగది గాజుకు ముదురురంగు కాగితం అంటించాడు. బాల్కనీలో గోనెసంచి కింద నుంచి కత్తిపీట తీసి తుప్పు గీకి, సానపట్టి, వంటింట్లో కింద పెట్టాడు. మెతుకులు కనపడేలా దాని కింద ఒక ఎర్ర గోనెపట్టా పరిచాడు. ఆ పాటలో ఉన్నవన్నీ ఒక్కొక్కటిగా బాగుచేశాడు.

సువర్ణ ఆ పనులన్నీ చూస్తూ ఉంది. గడపకు పసుపు రాస్తూ, తల ఎత్తకుండా అడిగింది. "ఇవన్నీ ఎవలు సెప్పినారు బావా నీకు?"

"ఊరికినే. సేతులు కాలీగా ఉండి."

ఆమె వేళ్ళు ఒక్క క్షణం ఆగాయి. మళ్ళీ పసుపు రాసింది.

ఆ సాయంత్రం గురువులు సోఫాను కొత్త గోడకు జరిపాడు. పడుకుని, గోడవైపు తిరిగి, కళ్ళు మూసుకున్నాడు. పచ్చి సిమెంటు వాసన. అవతల తలుపు దగ్గరికి పడ్డ అదురు గోడలోంచి చెంపకు తెలిసింది. అతను ఎదురుచూశాడు.

ఏమీ లేదు.

మరుసటి రోజూ లేదు. ఆ వారమంతా లేదు. గిన్నె చప్పుడు ఉందా లేదా అన్నంత దూరంగా ఉంది. అలిగిందనుకున్నాడు. తాను విన్నానని తెలిసిపోయి సిగ్గుపడుతోందనుకున్నాడు. ఒకసారి పోయిన పిట్ట వచ్చి వాలడానికి చలికాలం రావాలేమో అనుకున్నాడు. ముసలమ్మ చెవిటిది గనక ఆ రోజు సువర్ణ గొంతెత్తి పాడిందన్న సంగతి మాత్రం అతనికి తట్టలేదు. తట్టినా లోపలికి రానివ్వలేదు.

ఆదివారం మనోజ్ఞ వచ్చింది. గోడను చూసి పెదవి విరిచి, సోఫా రెండో చివర కూర్చుని ఫోను తీసింది. గురువులు పడుకుని ఉన్నాడు. వంటింటి తలుపు పడింది. కాసేపటికి, కళ్ళు సగం తెరిచి చూస్తే, మనోజ్ఞ వేళ్ళు ఫోను మీద ఆగిపోయి ఉన్నాయి. తల కొంచెం పక్కకు వాల్చి వంటింటి వైపు చూస్తోంది. పెదవుల మీద చిన్నపిల్లప్పటి నవ్వు. ఒకచోట నవ్వు పెద్దదై చేత్తో నోరు మూసుకుంది, ఎవరో తన గురించే కొంటెగా అన్నట్టు.

గురువులు చెవి గోడకు అదిమాడు. సిమెంటు చల్లగా ఉంది. అంతే ఉంది.

"ఏటమ్మా?" అన్నాడు.

"ఏం లేదు నాన్నా. నువ్వు పడుకో."

అతను కళ్ళు మూసుకున్నాడు. ఈసారి నిద్ర నటించడానికి కాదు. గోడ అవతల పాట ఉంది. ఈ వారమంతా ఉంది. గోడ తన పని తాను చేసింది, తలుపు తన పని చేసింది, ఆమె తిరిగివచ్చింది. రావలసిన చోటికి తానే రాలేకపోయాడు. ఆ గోడ లేని నెలలన్నీ, ఆమె ఎదురుగా నిలబడ్డ నెలలన్నీ ఒక్క మాట అడిగి ఉంటే వినపడేది. అప్పటికి చెవి ఇంకా కొంచెం ఉంది. పాట కోసం ఆ చెవిని దాచి కూర్చున్నాడు.

రోజులు గడిచాయి. సువర్ణ వంటింట్లో నుంచి వచ్చి అన్నం పెడుతూ అతని మొహం చూసేది. ఏదో ఎదురుచూస్తున్నట్టు చూసేది. ఒకసారి వంటింటి కుళాయి వైపు చూసి మళ్ళీ అతని వైపు చూసింది. కుళాయి చుక్కచుక్కగా కారుతోంది. అతను అన్నం కలుపుకున్నాడు. మరోరోజు వేపుడులో బెండకాయ ముక్కలు సరిగ్గా తెగక నలిగి, అంచులు చితికి ఉన్నాయి. అతను తిని లేచాడు. కూర ఒక గరిటె ఎక్కువ పడే రాత్రి ఒక్కటీ రాలేదు.

చలి మొదలయ్యేవేళ, చెరువు మీద మొదటి పిట్టలు దిగిన రోజుల్లో, ఒక సాయంత్రం సువర్ణ వంటింటి తలుపు తెరిచింది. అతను గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. చెంప గోడకు ఆని ఉంది. ఊపిరి నిద్రలా ఉంది. ఆమె గడప మీద నిలబడి, అతన్నే చూస్తూ, గొంతెత్తకుండా ఒక చరణం పాడింది. ఇద్దరి మధ్యా గోడ లేదు. అతని కనురెప్ప కదల్లేదు. ఊపిరి అదే నిద్రలో సాగింది, గోడ అవతల నుంచి రావలసినదాని కోసం.

ఆమె చాలాసేపు అలాగే నిలబడింది. తర్వాత వచ్చి సోఫా అంచున కూర్చుని అతని భుజం తట్టింది. అతను ఉలిక్కిపడి లేచాడు. ఆమె మొహం అతని చెవి దగ్గరికి వచ్చింది. పెళ్ళినాటి నుంచి ఏ సాయంత్రమూ అంత దగ్గరగా వచ్చి ఆమె ఏమీ అడగలేదు.

"కత్తిపీట మొద్దుబారిపోనాది బావా," అంది గట్టిగా, ఒక్కొక్క మాటా విడివిడిగా. "కుళాయి కారుతున్నాది. ఎండుసేపలు తే."

అతను ఆమె పెదవుల వైపు చూశాడు. అన్నీ వినపడ్డాయి. వాటిలో రాగం లేదు.

"ఎన్నాళ్ళయినాది?" అన్నాడు.

"శానాళ్ళు. పాడతానే ఉన్నాను."

  తనకు పాట గురించి తెలుసని ఆమెకు ఎప్పటి నుంచి తెలుసో అతను అడగలేదు. కిటికీ రెక్కకు నూనె రాసిన ఆ మొదటి సాయంత్రమేనేమో.

లేచి వంటింట్లోకి వెళ్ళాడు. గడప దాటేటప్పుడు ఒక్క క్షణం ఆగాడు, ఆగాల్సిన చోటు కాలికి తెలిసి. కత్తిపీట తీసుకుని బాల్కనీలోకి వెళ్ళి కూర్చున్నాడు. రాయి మీద నీళ్ళు చల్లి సానపట్టడం మొదలుపెట్టాడు. వెనకాల వంటింటి తలుపు ఈసారి తెరిచే ఉంది. పొయ్యి వెలిగింది. సువర్ణ పెదవులు కదులుతున్నాయా లేదా అని ఒకసారి తిరిగి చూశాడు. ఆమె వీపు ఇటు ఉంది.

ఇనుము రాయి మీద ఆడుతోంది. ఆ శబ్దం వేళ్ళకు తెలుస్తోంది.